ఆ మంచు ఎవరిది?

భువన కడపకు ఏ పనిమీద వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంట పుట్టి, బెంగళూరులో నక్షత్రాల మీద పరిశోధన చేస్తున్న ఈ అమ్మాయి, తన గురువు ఉమామహేశ్వర గారు ఇరవయ్యేళ్లుగా ఎదురుచూస్తున్న జవాబును లాప్‌టాప్‌లో పెట్టుకుని రైలు దిగింది. ఎక్కడో ఒక పసి నక్షత్రం. దాని చుట్టూ ధూళీ వాయువూ కలిసి పళ్లెంలా తిరుగుతున్నాయి. రేపటి గ్రహాలు పుట్టేది ఆ పళ్లెంలోనే. ఆ ధూళిరేణువులకు నీటి మంచు అంటుకుని ఉందని ఉమామహేశ్వర గారు ఒకప్పుడు ప్రకటించారు. ఆయన దగ్గరే చదివి, ఆయన పక్క గదిలోనే పనిచేసిన పర్వీన్ నిండు సభలో లేచి దాన్ని ప్రశ్నించింది. ఆయన జవాబు చెప్పలేకపోయారు. ఇన్నాళ్లకు అంతరిక్షంలోని కొత్త టెలిస్కోపు మళ్లీ ఆ నక్షత్రాన్ని చూసింది. వచ్చిన జవాబు మాత్రం ఆయన ఆశించింది కాదు. రెండు కిడ్నీలూ చెడిపోయి డయాలసిస్ మీద బతుకుతున్న మనిషికి ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక భువన తల్లడిల్లుతుండగా, ఆయన భార్య శివలీల వంటింట్లో ఆమె చెయ్యి పట్టుకుంది.

మనం ఆగింది అక్కడే.

"ఉండాదని చెప్పు పాపా," అంది శివలీల. "ఒక్క మాట. అంతకంటే నేనేం అడగను."

"అమ్మా, అట్ల చెప్పేదానికి..."

"ఆయన ఎన్నాళ్లుంటాడో డాక్టర్లే చెప్పలేకుండారు. ఉన్నన్నాళ్లు తలెత్తుకొని ఉండనీ. ఆ నక్షత్రం యాడుండాదో, దాంట్లో ఏముండాదో నాకు తెలీదు. మనిషైతే నా కండ్ల ముందర ఉండాడు."

భువన చెయ్యి విడిపించుకోలేదు. బెంగళూరులో హాస్టలు తిండి పడక జ్వరంతో మంచం పట్టినప్పుడు రాగిజావ కాచి తెచ్చి, తాగేదాకా పక్కన కూర్చున్నది ఈ మనిషే. ఆమె ఏనాడూ తిరిగి ఏమీ అడగలేదు. అడగక అడగక ఇవాళ ఇది అడిగింది.

లోపలి గదిలోంచి పిలుపు వచ్చింది. "భువనా, ఆ గ్రాఫ్ ఎత్తుకొని రామ్మా."

శివలీల చెయ్యి వదిలేసింది. ఫ్రిజ్‌లోంచి చిన్న మంచుముక్క తీసి గిన్నెలో వేసుకుని ముందు నడిచింది. ఆయనకు దినానికి ఇన్ని నీళ్లని కొలత ఉంది. దప్పిక ఆగనప్పుడు నాలుక మీద ఒక ముక్క పెట్టుకుంటే కొంత ఉపశమనం.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు ఉమామహేశ్వర గారు. కాళ్లు వాచి చర్మం నిగనిగలాడుతోంది. సూదులు పొడిచే చోట ఎడమ చెయ్యి ఉబ్బి ఉంది. మంచుముక్క దవడన పెట్టుకుని, అది కాస్త కరిగాక భువన వైపు చూశారు.

"ఏమ్మా, వచ్చినప్పటి నుంచి నా మొగం చూడకుండా తిరుగుతాండావు. చెప్పు. ఏమొచ్చినాది?"

ఎదురుగా కూర్చున్న భువన తన ఒడిలోని సంచీ వైపు చూసింది. "ఐస్ ఉంది సార్."

గుమ్మంలో శివలీల ఊపిరి వదిలింది.

ఆయన ముఖంలో వెలుగేమీ రాలేదు.

"ఉండాదని నాకు అప్పుడే తెలుసు గదమ్మా. గుంట కనపడినాది గాబట్టే గదా అంత మాట అన్యా. నేను అడిగేది అది గాదు. ఆ మంచు ఎవరిది?"

ఆ ప్రశ్నలోనే ఆయన జీవితం సగం గడిచిపోయింది. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసి గీత గీస్తే, మన కంటికి కనపడని పరారుణంలో ఒకచోట ఆ గీత గుంటపడుతుంది. దారిలో ఎక్కడో నీటి మంచు ఉండి ఆ వెలుగును మింగిందని దానర్థం. కానీ దారి చాలా పొడుగు. ఆ నక్షత్రానికీ మనకూ నడుమ పలచని చీకటిమబ్బు ఒకటి పరుచుకుని ఉంది. ఆ మబ్బులోని ధూళికీ మంచు అంటుతుంది. గుంట పడింది పళ్లెంలోని మంచు వల్లనా, దారిలోని మబ్బు వల్లనా? తేల్చాలంటే అదే మబ్బు వెనక ఉన్న, చుట్టూ పళ్లెం లేని ఇంకో నక్షత్రాన్ని చూడాలి. దాని గీతలోనూ అదే గుంట ఉంటే మంచు మబ్బుదే. 'పక్క నక్షత్రాన్ని చూశారా సార్?' అని ఆనాడు పర్వీన్ అడిగింది ఇదే. అంత మసక నక్షత్రాన్ని చూడగల టెలిస్కోపు ఆనాడు ఆయన దగ్గర లేదు.

"పక్క నక్షత్రం తీసినారా?"

"తీసినాం సార్."

"చూపీ."

"రేపు డయాలసిస్ అయినాక చూస్తురు గానీ సార్. ఈ పొద్దు మీకు అలుపుగా..."

"భువనా."

ఆ గొంతులో కోపం లేదు. తరగతిలో లెక్క తప్పు చేసిన పిల్లను పిలిచినట్టు పిలిచారు. ఆమె సంచీలోంచి రెండు కాగితాలు తీసి ఇచ్చింది.

ఆయన ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు పట్టుకున్నారు. పై కాగితాన్ని అటు జరిపారు, ఇటు జరిపారు. అంచులు కలిశాక గీతలు కూడా కలిశాయి. ఒక గుంటలో ఇంకో గుంట ఒదిగిపోయింది. ఎక్కడా సందు లేదు. మళ్లీ విడదీసి, మళ్లీ కలిపి చూశారు. శివలీలకు ఆ గీతలు అర్థం కావు. ఆమె ఆయన చేతులనే చూస్తోంది.

కాగితాలు ఒడిలో పెట్టుకున్నారు.

"రెండూ ఒకటే," అన్నారు. "మబ్బుదే. నాది కాదు."

భువనకు ఏడుపొచ్చింది. ఆమె రేపటి ఉద్యోగం కూడా ఈ కాగితాల మీదే ఆధారపడి ఉంది. మంచు కనిపెట్టినవాళ్లను పిలుస్తారు గానీ, మంచు లేదని తేల్చినవాళ్లను ఎవరు పిలుస్తారు? అయినా ఆ క్షణంలో అదేమీ ఆమెకు తోచలేదు.

"లీల చెప్పమన్నదా, ఉండాదని?"

ఆమె తల దించుకుంది.

"నువ్వు చెప్పింది అబద్ధం గాదులే. సగం చెప్పినావు. మన పనిలో సగం చెప్తే సాలదమ్మా." ఆయన చెయ్యి చాచారు. "ఫోనియ్యి. పర్వీన్‌కు చెయ్యల్ల."

"ఎవరికి?" అంది శివలీల.

"పర్వీన్‌కు."

ఆమె గది నడుమకు వచ్చింది. ఇంతవరకు భువన ఆమె గొంతు పెరగడం వినలేదు.

"ఆ పేరు ఈ ఇంట్లో పలకగూడదని నేనన్ననాడు మీరు ఊరకున్యారు. ఇప్పుడు మీరే పిలుస్తారా? ఆయమ్మ నా చెల్లెలు తిన్నట్ల మనింట్లో తిన్నాది. రంజాన్‌కు సేమ్యా తెచ్చేది. ఉగాదికి ఓళిగలు చేస్తే ముందు ఆయమ్మకే కట్టిస్తాంటి. అట్లాంటి మనిషి అంతమంది ముందర మిమ్మల్ని నిలబెట్టి..."

"అడగాల్సిన ప్రశ్న అడిగినాది లీలా. నా దగ్గర జవాబు లేకపోయె. దాంట్లో ఆయమ్మ తప్పేముండాది?"

"తప్పో ఒప్పో నాకు తెలీదు. ఆ తర్వాత మీరెట్ల అయిపోయినారో నాకు తెలుసు. సభలకు పిలిచేది మానుకున్యారు. రావాల్సిన పదవి రాకపోయె. మీరు అన్నం ముందర పెట్టుకొని తినేది మరిచిపోయి కూర్చుంటాంటిరి. అదంతా నేను చూసినా. ప్రశ్న అడిగిన మనిషి చూసిందా?"

ఆయన ఒడిలోని కాగితాలు తీసి భువనకిచ్చారు.

"అందుకే పిలుస్తాండా," అన్నారు. "ఆయమ్మ మాట నిజమని ఇన్నేండ్లలో ఆయమ్మతో ఎవరూ చెప్పలే. రుజువు లేదు గదా. గురువు మీద లేచిందని మాత్రం అందరూ అన్యారు. నేను పోయినాక ఎవరో రాస్తే చదువుకుంటాది. అట్ల గాదు. నా నోటితో వినల్ల."

శివలీల బయటికి వెళ్లిపోయింది.

భువన నంబరు కలిపి ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. అటునుంచి హలో అన్నాక ఆయన గొంతు సవరించుకున్నారు. "పర్వీనా, నేను ఉమామహేశ్వర. పక్క నక్షత్రం గ్రాఫ్ వచ్చినాది. నువ్వొకసారి కడపకు రావల్లమ్మా." అవతలినుంచి ఒకటే మాట వినిపించింది: "వస్తాండా సార్."

ఆయన కుర్చీలోంచి మంచం మీదికి మారి, గోడవైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికే నిద్రపట్టింది.

పర్వీన్ కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కారులో వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అరవై దాటిన మనిషి. జుట్టంతా నెరిసింది. నేత చీర కొంగు తలమీదుగా కప్పుకుని గేటు దగ్గర నిలబడింది. తలుపు తీసింది శివలీలే.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"బాగుండారా అక్కా?"

"లోపలికి రా," అంది శివలీల. ఎలా ఉన్నావని తిరిగి అడగలేదు. "ఆయన నిద్రపోతాండారు. లేచేదాకా కూర్చో."

భువన తనెవరో చెప్పుకుని కాగితాలు రెండూ చేతికిచ్చింది. పర్వీన్ కళ్లజోడు మార్చుకుని వాటిని చూసింది. గెలిచిన మనిషి ముఖం ఎలా ఉంటుందో చూద్దామన్నట్టు శివలీల ఎదురుగా నిలబడింది. పర్వీన్ ముఖంలో గెలుపేమీ లేదు. పెదవులు బిగించి, కాగితం అంచును వేలితో అదే పనిగా రుద్దుతోంది.

"ఇది చెప్పేదానికేనా సారు పిలిచింది?"

"అవును మేడం. మీరు చెప్పిందే నిజమని ఆయన నోటితోనే మీకు చెప్పల్లంట."

పర్వీన్ శివలీల వైపు తిరిగింది.

"అక్కా, ఆ దినం లేచి అడిగినందుకు ఈ పొద్దుకూ నేను పశ్చాత్తాపపడను. మీ దగ్గర అబద్ధం చెప్పను. అడగాల్సిందే అది. కానీ సారు జవాబు లేక మైకు పట్టుకొని నిలబడినాడు చూడండి, అది నా కండ్లల్లో నుంచి పోలేదు."

"మరి ఒక్కనాడైనా వచ్చినావా?"

"వచ్చినా. మరుసటి ఆదివారమే మీ ఇంటి గేటు దాకా వచ్చినా. మీరు వరండాలో బియ్యం చెరుగుతాంటిరి. నన్ను చూసి చేట పట్టుకొని లోపలికి పోతిరి. తలుపేసిన చప్పుడు విని ఎనక్కి పోయినా."

శివలీల ముఖం పాలిపోయింది. ఆ ఆదివారం ఆమెకు గుర్తుంది. ఆ సంగతి భర్తకు చెప్పనే లేదని కూడా గుర్తుంది. కుర్చీ వీపు పట్టుకుంది.

పర్వీన్ మళ్లీ కాగితం అందుకుంది. ఈసారి చూపు వేరేగా ఉంది.

"ఇది పళ్లెం మొత్తంది తీసినావా పాపా?"

"మొత్తం మేడం. వెలుగున్న చోటంతా కలిపి సగటు తీసినా."

"వెలుగున్న చోటంతా," అంది పర్వీన్ నెమ్మదిగా. "నడుమ నల్లగీత?"

ఆ పళ్లెం మనకు అంచువైపు నుంచి కనిపిస్తుంది. నక్షత్రం వెలుగు పైనుంచీ కిందనుంచీ మాత్రమే తప్పించుకుని వస్తుంది. ఆ రెండు వెలుగుల నడుమ నల్లటి చార ఒకటి ఉంటుంది. పర్వీన్ అడిగిన నల్లగీత అదే. పళ్లెం అక్కడ ఎంత దట్టమంటే వెలుగు దాదాపు దూరదు.

"అక్కడ సిగ్నల్ శానా తక్కువ మేడం. నాయిస్సే ఎక్కువ. అందుకే తీసేసినా."

"మంచుంటే యాడుంటాది తల్లీ? ఎండ కొట్టే పైపైనా, ఎండ దూరని లోపలా?"

పళ్లెం పైపొరల్లో నక్షత్రపు వేడి వెలుగు మంచును నిలవనీయదు. ఆ సంగతి భువనకు తెలుసు. తన విద్యార్థులకు పాఠం కూడా చెప్పింది. చెప్పి, తన లెక్కలో మాత్రం మంచు దాక్కునే చోటునే కత్తిరించి పారేసింది. పైపొరల మీదుగా వచ్చిన వెలుగులో మబ్బు మంచు తప్ప ఇంకేం కనిపిస్తుంది?

"మబ్బంటే తెర లాంటిది," అంది పర్వీన్. "పక్క నక్షత్రం మీదా, పళ్లెం మీదా ఒకే తీరుగా పడుంటాది. నల్లగీత దగ్గరి గుంట ఎంతుండాదో తియ్యి. దాంట్లో నుంచి పక్క నక్షత్రం గుంటను తీసేయ్. మిగిలింది మబ్బుది గాదు."

భువన లాప్‌టాప్ తెరిచింది. నల్లచార మీది చుక్కలను ఒక్కొక్కటే ఏరి జతచేసింది. మొదట వచ్చిన గీత నాయిస్‌తో, అంటే వెలుగు చాలక వచ్చే ఉత్తుత్తి ఒడిదుడుకులతో, రంపం పళ్లలా ఉంది. దాన్ని సవరించి, మబ్బు వాటాను తీసేసి మళ్లీ గీయించింది. వంటింట్లో కుక్కరు కూత వేసినా ఎవరూ కదల్లేదు. శివలీల కూడా వచ్చి వెనక నిలబడింది.

గీత తెరమీద ఎడమనుంచి కుడికి పాకింది. మంచు మింగే రంగు దగ్గరికి రాగానే కిందికి దిగింది.

"మిగిలింది," అంది భువన.

పర్వీన్ తెరకు దగ్గరగా వంగింది. "గుండ్రంగా లేదు చూడు. అడుగున మొనదేలి ఉండాది."

భువనకు విడమరచి చెప్పనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి చలిలోనే ఉన్న మబ్బు మంచు, అణువులు వరుసగా పేరుకోక, కుదురు లేనిది. దాని గుంట గుండ్రంగా పడుతుంది. నక్షత్రం దగ్గర ఒకసారి వెచ్చబడిన మంచు పటికబెల్లంలా గట్టిగా పేరుకుంటుంది. దాని గుంట మొనదేలుతుంది. ఇది పళ్లెంలోని మంచు. ఇదే గనక నిజమైతే, ఉమామహేశ్వర గారు తప్పు గుంటను చూసి చెప్పినా, చెప్పిన మాట మాత్రం నిజం.

"ఎంత నమ్మొచ్చు?" అని అడిగింది పర్వీన్.

"నమ్మలేం మేడం. ఇంత మసకలో నాయిస్ గూడా ఇట్లాంటి మొనలు చూపిస్తాది. ఇంకోసారి ఎక్కువసేపు చూస్తే గానీ తేలదు."

"ఇంకోసారి ఎప్పుడు?"

"అప్లికేషన్ పెట్టల్ల. టైమ్ ఇస్తే వచ్చే సంవత్సరం."

వచ్చే సంవత్సరం. ముగ్గురూ లోపలి గది వైపు చూశారు.

"ఏమొచ్చినాది?" అంది శివలీల. "నాకు తెలిసేటట్ల చెప్పండి."

పర్వీన్ ఆమె వైపు తిరిగింది. "సారు మంచు ఉండొచ్చక్కా. లేకపోవచ్చు గూడా. ఇప్పుడే ఎవరం చెప్పలేం."

శివలీల తెరవైపు చాలాసేపు చూసింది. తర్వాత వెళ్లి లోపలి గది గుమ్మానికి అడ్డంగా నిలబడి, చౌకట్టు మీద చెయ్యి పెట్టింది.

"పొద్దున నాది కాదని తన నోటితో తానే చెప్పి పండుకున్యాడు ఆ మనిషి. ఇన్నేండ్లలో ఆయన అట్ల ఒళ్లు మరిచి నిద్రపోయేది నేను చూడలే. ఇప్పుడు పోయి లేపి, ఉండొచ్చు అని చెప్తారా? మళ్లీ కాదని తేలితే? తేలేదాకా ఆయన ఉండకపోతే? ఖాయంగా ఉండాదని చెప్పండి, నేనే లేపుతా. చెప్పలేకుంటే ఈ గడప దాటొద్దు."

"ఆయన అడిగితే అక్కా? ఆయన దగ్గర దాచేదానికి నాకు హక్కు లేదు."

"నాకుండాది," అంది శివలీల.

భువన లాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టింది. మూసెయ్యాలో, తెరిచి ఉంచాలో తెలియలేదు. ఆమె చూపు ఒకసారి పర్వీన్ మీదికీ, ఒకసారి గుమ్మంలోని ఆ చేతి మీదికీ పోతోంది.

లోపల మంచం కిర్రుమంది.

"లీలా," నిద్ర తీరని గొంతు పిలిచింది. "కారు వచ్చిన చప్పుడైనాది. పర్వీన్ వచ్చినాదా?"

పర్వీన్ కుర్చీలోంచి లేచింది. శివలీల చెయ్యి చౌకట్టు మీది నుంచి దిగలేదు.

లోపల చేతికర్ర నేలను తాకింది. ఎవరి సాయమూ లేకుండా, వాచిన కాళ్లతో, ఆయనే నడిచి వస్తున్నారు.